పొరుగావిడ పెట్టిన ముద్ద

పంతొమ్మిది వందల అరవైల చివర మా ఆయనకు అడిస్ అబాబాలో మాస్టారు ఉద్యోగం వచ్చింది. గజపతినగరం నుంచి నన్నూ తీసుకుపోయేనాటికి నాకు ఐదో నెల. రైలెక్కేటప్పుడు అమ్మ చేతబడి భయంతో నా చెవిలో చెప్పింది. "పరాయి సోట ఎవులేటెట్టినా తినకే. సిల్లంగి ఎడితే ఇడిపించేవోలు ఆడ ఉండరు."

మేమున్నది ఊరికి దూరంగా ఒక పేట. ఏటవాలు మట్టిరోడ్డు, రేకుల ఇళ్లు, వెనక కొండంతా నీలగిరి చెట్లు. పక్కింట్లో ఓ పెద్దావిడ. నుదుట పచ్చబొట్టు, ఒంటినిండా తెల్ల శాలువా. గదిలో పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, ఆ పొగలో ఏవో గింజలు వేయించేది. కాఫీ గింజలేనన్నారు ఆయన. కాఫీకి గడ్డెందుకు, సాంబ్రాణెందుకు? నేను నమ్మలేదు. ఆవిడ నా పొట్టకేసి చూసి నవ్వితే కొంగు కప్పేసుకునేదాన్ని.

పిల్ల పుట్టింది. నాకు పాలు పడలేదు. డబ్బాపాలు పట్టిస్తే కక్కేసేది. గొంతు పోయేలా ఏడ్చేది, రోజురోజుకీ చిక్కిపోతోంది. ఐదోనాడు పొద్దున్నే ఆవిడ గిన్నె తెచ్చింది. మూత తీస్తే వేడివేడి పిండిముద్ద, నడుమ గుంట, అందులో ఎర్రటి నెయ్యి. మా వైపు దిష్టి తీసి దారులు కలిసేచోట పడేసే కుంకుమ ముద్దే కళ్లముందు కనబడింది. నా పాలు ఎవరు ఎండగట్టారో ఇంక వేరే చెప్పాలా?

ఆవిడ వెళ్లగానే రోడ్లు కలిసేచోట పారేసి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్లు కడుక్కున్నాను. మర్నాడూ తెచ్చింది, మర్నాడూ పారేశాను.

"ఏటే నువ్వు! బాలింతకి బలం రావాలని ఈళ్లు ఎడతారట. బళ్లో మేస్టర్లని అడిగేను," అన్నారు ఆయన.

"సిల్లంగి ఎట్టినోలు నిజం సెప్తారేటండీ!" అని కసిరాను.

మూడోనాడు ఆవిడ నవ్వలేదు. రోడ్డు మీద కుక్కలు తింటున్న ముద్దను చూసే ఉంటుంది. మంచం పక్కన కూర్చుని, తనే కాస్త తుంచి, నెయ్యిలో అద్ది, నావైపే చూస్తూ నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద నా నోటిదగ్గర పట్టుకుంది.

నేను తిన్నాను. వారం తిరక్కుండా పాలు పడ్డాయి, పిల్ల దక్కింది. ముద్దలు పారేసినందుకు నన్ను నేను క్షమించుకోగలను, భయం అలాంటిది. కానీ ఆవేళ ఆవిడ మింగిందో లేదో గొంతుకేసి చూసి, మింగాకే నోరు తెరిచాను. నేను అలా చూడడం ఆవిడ చూసింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.