ముక్కున్న కవరు

మా అక్క మనుషులకు బట్టలు కుట్టేది కాదు, వస్తువులకు కుట్టేది. ఫ్రిజ్జులకు, మిక్సీలకు, టైపు మిషన్లకు, ఒకసారి ఆసుపత్రిలో బరువు తూచే యంత్రానికి కూడా. మా వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ కవరక్కే.

కవరు కుట్టమని ఎవరైనా వస్తే ముందు టేపు తీసేది కాదు. వాళ్ళింటికి వెళ్ళి ఆ వస్తువు చుట్టూ రెండుసార్లు తిరిగి మూడు ప్రశ్నలు అడిగేది. దీన్ని ఎక్కడ పట్టుకుంటారు? ఎక్కడ తెరుస్తారు? తీగ ఎటు పోతుంది? జవాబులు విన్నాకే కొలతలు. నలభై ఏళ్ళు ఆ మూడు ప్రశ్నలతోనే బతికింది. నాలుగో ప్రశ్న ఒకటుందని ఆమెకు ఒక ఆటల డబ్బా నేర్పింది. చెప్పదలచుకున్నది ఆ సంగతే.

బావ సిటీ బస్సు డ్రైవరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక్క మనిషికి గీత పడనివ్వలేదు. చివరికొచ్చేసరికి ఎడమ కంటి చూపు అంచున మసకబారింది. పరీక్ష చేసి, స్టీరింగు మీద చెయ్యి వేయొద్దని, డిపో స్టోర్లో టైర్ల నంబర్లు రాసే పనిలో కూర్చోబెట్టారు. నెల తిరక్కుండా ఆ పని వదిలేసి ఇంటికొచ్చాడు. వచ్చి కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"అదేంటి బావా, ఆ గోడలో ఏముందని?" అని అడిగాను ఒకరోజు.

"ఏమీ లేదు. అందుకే ఎవరూ అడ్డం రారు" అన్నాడు.

ఎనిమిది నెలలు అంతే. అన్నం పెడితే తినేవాడు, పిలిస్తే ఊఁ అనేవాడు. అక్క మిషను చప్పుడు తప్ప ఆ ఇంట్లో మరో చప్పుడు ఉండేది కాదు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునేవాణ్ణి. తప్పులు పట్టడం తప్ప ఇంకేమీ చేతకానివాణ్ణి. అయినా ఒకరోజు, మాతో పనిచేసే ఆయన టీవీకి తగిలించి ఆడుకునే తన పాత ఆటల డబ్బా అమ్మేస్తానంటే కొనుక్కొచ్చాను. అందులో బస్సు నడిపే ఆట ఉంది.

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?" అని బావ తల కూడా తిప్పలేదు.

సరే అని నేనే మొదలుపెట్టాను. మొదటి మలుపులోనే దీపస్తంభాన్ని గుద్దాను. వెనక్కి తీయబోయి బెంచీ మీదికి ఎక్కించాను. తెరలోంచి ప్రయాణికులు కేకలు పెట్టారు. కుర్చీ కిర్రుమంది.

"ఇలా ఇవ్వవయ్యా! పుస్తకాల పురుగు చేతిలో బస్సు పెడితే జనం ఏమైపోవాలి!"

"బొమ్మ బస్సే కదా బావా."

"బొమ్మదైతే ఏం? ఎక్కినవాడు ఎక్కినవాడే!"

అలా కుర్చీ తిరిగింది. ఇక ఆ మర్నాటినుంచి పొద్దున రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు. బూట్లు వేసుకుని మరీ కూర్చునేవాడు. తెరమీద ఎర్రదీపం పడితే ఆగి, పక్కబండి వాణ్ణి రెండు తిట్లు తిట్టి, పచ్చదీపం కోసం చూసేవాడు. ప్రమాదం లేకుండా ఎన్ని ట్రిప్పులు పూర్తయ్యాయో ఆ ఆట లెక్క చూపిస్తుంది. ఒకసారి ఆ అంకె చూపించి నాతో అన్నాడు: "చూశావా, డిపోలో నా లెక్క వాళ్ళు మధ్యలో ఆపేశారు. దీన్ని మాత్రం నేనే ఆపుతా. వెయ్యి దగ్గర. వెయ్యో ట్రిప్పు దించేసి, తాళం తీసి, నా అంతట నేను దిగుతా."

అక్క సంతోషానికి హద్దుల్లేవు. ఆ డబ్బాకు ఆమె కుట్టిన కవరు చూడాలి! లోపల దళసరి ఫ్లానెల్, పైన ముదురు నీలం, నాలుగంచులా పైపింగు. ఆడేటప్పుడు కూడా తీయనక్కర్లేదు. ముందు బొత్తాం విప్పితే చాలు. తీగ బయటికి రావడానికి వెనక చిన్న చీలిక. "ఈగ కాదు కదా, దుమ్ము రేణువు దూరదు" అని వచ్చినవాళ్ళకల్లా చూపించేది. డబ్బా చోటు కూడా తన మిషను పక్కనే. ఆయన నడుపుతుంటే ఆమె కుడుతూ ఉండేది.

తొమ్మిది వందల అరవై రెండో ట్రిప్పులో అది ఆగిపోయింది.

సాయంత్రం. నేనక్కడే ఉన్నాను. కాసేపటినుంచి డబ్బా ఆయాసపడుతున్నట్టు రొద చేస్తోంది. బస్సు వంతెన మీద ఉండగా తెర టక్కున నల్లబడింది. మీట నొక్కితే మూడుసార్లు కీచుమని, ఎర్రగా మిణుకుమని ఆరిపోయింది. మళ్ళీ నొక్కినా అంతే. బావ చేతులు మాత్రం రిమోటు మీదే ఉన్నాయి.

"జనం ఇంకా లోపలే ఉన్నారే" అన్నాడు మెల్లగా.

మర్నాడు పొద్దున బూట్లు వేసుకోలేదు. నేను వెళ్ళేసరికి కుర్చీ గోడవైపు ఉంది. అక్క మిషను ముందు కూర్చుని ఉంది గానీ పెడలు తొక్కడం లేదు. నన్ను చూసి లేచి, డబ్బాను చంకలో పెట్టుకుని, "పద" అంది.

బజారు చివర టీవీలూ ఫోన్లూ బాగుచేసే మెకానిక్ రెండు రోజులు ఉంచుకున్నాడు. మూడో రోజు వెళితే, "బోర్డు పోయిందమ్మా. కొత్తది తీసుకోండి" అన్నాడు, చేతిలో ఫోను చూసుకుంటూనే.

"అందులో లెక్కుంది బాబూ. తొమ్మిది వందల అరవై ఒకటి. అదైనా వస్తుందా?"

"బోర్డుతోనే అదీ పోయినట్టేనమ్మా. కొత్తదాంట్లో సున్నానుంచి ఆడుకోవచ్చు."

ఇంటికొచ్చి అక్క డబ్బాను బల్ల మీద పెట్టి, పోయినవాళ్ళ ముఖం మీద గుడ్డ కప్పినట్టు కవరు తొడగబోయింది. తొడగబోతూ ఆగింది. అడుగున ఒక మర మీద గుండ్రటి కాగితం ముద్ర అంటించి ఉంది. అది ఎక్కడా చినగలేదు.

"ఒరేయ్, ఇలా రా. ఈ ముద్ర చింపకుండా దీన్ని తెరవడం అవుతుందా?"

"అవదు."

"అయితే వీడు కడుపు కొయ్యకుండానే పోస్టుమార్టం రిపోర్టు ఇచ్చాడన్నమాట!" అని కవరు పక్కన పడేసింది. "నువ్వు చదివిన అన్ని పుస్తకాల్లో దీన్ని తెరవడం ఎక్కడైనా రాశారా?"

"లేదక్కా."

"మంచిదే. అయితే మనిద్దరికీ సమానంగా తెలీదు. కూర్చో."

అక్క పని మొదలుపెట్టే తీరు ఒకటుంది. తెల్లగుడ్డ పరిచి, సుద్దతో ఆ వస్తువు రూపం గీస్తుంది. ఏ మర ఎక్కడినుంచి తీసిందో గుడ్డ మీద సరిగ్గా అక్కడే పెడుతుంది. తీగ ఊడదీస్తే ఆ చోట ఎర్రదారంతో ఒక కచ్చాకుట్టు వేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు ఒక్కో కుట్టూ విప్పేస్తుంది. తన కుట్టుమిషన్ను నలభై ఏళ్ళుగా అలాగే విప్పి నూనె వేసుకుంటోంది. ఈ డబ్బా మరలకు నక్షత్రంలాంటి గుంటలున్నాయి. ఏ స్క్రూడ్రైవరూ పట్టలేదు. అక్క సన్నటిదొకటి తీసి, కత్తెరలు సానబట్టే రాయి మీద అంచులు అరగదీసింది. పెట్టి చూసింది, మళ్ళీ అరగదీసింది. నాలుగోసారికి గట్టిగా పట్టింది.

మూత లేచింది. లోపల వేడిని బయటికి తోసే ఫ్యాను కనిపించలేదు. ఫ్యాను ఉండాల్సిన చోట మెత్తటి గుండ్రటి పరుపు ఉంది. అక్క దాన్ని సూదిమొనతో లేపింది. చేతిరుమాలంత నూగు, పొరలు పొరలుగా. చాలాసేపు దాన్ని వెలుగులో పట్టుకుని చూసింది.

"ఇదిగో ఈ పసుపు, దంతవైద్యుడి ఫ్రిజ్జు కవరుది. ఈ ఆకుపచ్చ, బడివాళ్ళ టైపు మిషన్లవి. ఇది..." అని ఆగింది. అడుగున అన్నిటికంటే దళసరి పొర ముదురు నీలంగా ఉంది. ఆ డబ్బా కవరుదే.

ఆమె ముఖంలో రంగు మారడం చూశాను. వెనకచీలిక ఒక్కటే దారి. ఆ ఒక్క దారిలోంచి డబ్బా గాలితోపాటు అక్క ఇన్ని నెలల కష్టాన్నంతా పీల్చుకుంది. పైనుంచి ఫ్లానెల్ కప్పి వేడి బయటికి పోనివ్వలేదు.

లేచి వెళ్ళి గోడవైపున్న కుర్చీ పక్కన నిలబడింది. "ఏమండీ, బోర్డూ కాదు, గీర్డూ కాదు. నేనే దాని గొంతు నొక్కాను. నా కవరుతోనే."

బావ గోడతోనే చెప్పినట్టు అన్నాడు: "ముప్ఫై ఏళ్ళుగా చలికాలమొస్తే నాకూ మఫ్లరు బిగిస్తూనే ఉన్నావుగా. నేను బతకలేదూ?"

అన్ని రోజుల్లో ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అదే. అక్క కొంగుతో ముక్కు తుడుచుకుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

ఫ్యాను బయటికి తీసి, మిషను దుమ్ము దులిపే బ్రష్షుతో రెక్క రెక్కా శుభ్రం చేసింది. ఫ్యాను పక్కన పెద్ద లోహపు దిమ్మ ఉంది. దాన్ని లేపితే కింద ఎండిన సున్నంలాంటి పెచ్చులు రాలాయి. ఇవేమిటో ఇద్దరికీ తెలియలేదు. అక్క వాటిని కాగితంలో పొట్లం కట్టి, నన్ను వెంటబెట్టుకుని తిన్నగా మెకానిక్ దగ్గరికే వెళ్ళింది.

"బాబూ, ఇదేమిటి?"

అతను పొట్లం చూశాడు, ఆమెను చూశాడు. "దాన్ని విప్పేశారా? అమ్మా, అదేం కుట్టుమిషను కాదు!"

"కాదు. కుట్టుమిషనైతే నీ దగ్గరికి తెచ్చేదాన్నే కాదు. ముద్ర చింపకుండా నువ్వు జబ్బు కనిపెట్టావు కదా, మహానుభావుడివి. ఈ ఎండిపోయింది ఏంటో కూడా చూడకుండానే చెప్పు."

దుకాణంలో ఉన్న ఇద్దరు నవ్వారు. మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. "వేడి లాగే పేస్టమ్మా. ఎండితే వేడి దిమ్మలోకి పోదు" అంటూ సొరుగులోంచి చిన్న గొట్టం తీసి ఇచ్చాడు. "పాతది పూర్తిగా తుడిచి, బియ్యపుగింజంత పెట్టండి. ఎక్కువ పెట్టకండి." ఇచ్చి, మెల్లగా అన్నాడు: "పని ఎక్కువుందమ్మా ఆ రెండు రోజులూ. విప్పలేదు. తప్పే."

"ఒప్పుకున్నావుగా, చాలు" అంది అక్క.

పాత పేస్టు తుడిచి, గింజంత కొత్తది పెట్టి, దిమ్మ బిగించి, మరలన్నీ ఎక్కించింది. మీట నొక్కింది. తెల్లదీపం వెలిగింది. ఒకటి, రెండు, మూడు అని నేను లెక్కపెడుతున్నాను. కీచుకీచుకీచుమని ఎర్రగా మిణుకుమని ఆరిపోయింది.

"వదిలెయ్యవే. నువ్వు మాత్రం ఎంతని చేస్తావ్" అన్నాడు బావ, తిరక్కుండానే.

అక్క వంగి గుడ్డ మీది సుద్దబొమ్మను చూస్తోంది. మరలేవీ మిగల్లేదు. కానీ ఫ్యాను గీసిన చోట, వలయం పక్కనే, ఎర్రదారపు కచ్చాకుట్టు ఒకటి ఇంకా ఉంది.

"ఫ్యాను తీగ! పెట్టనేలేదు!"

మళ్ళీ విప్పింది. చిటికెనవేలి గోరంత ప్లగ్గు, పక్కకు ఒరిగి ఉంది. దాన్ని నొక్కి కూర్చోబెట్టింది. మూత వేసింది. కత్తెరతో ఆ కుట్టు తెంపి దారం నా చేతిలో పెట్టింది. మీట నొక్కి, డబ్బాకు చెవి ఆనించింది.

"తిరుగుతోంది" అంది.

తెల్లదీపం ఆరలేదు. తెర వెలిగింది. బస్సు డిపో, దాని పైన అంకె: తొమ్మిది వందల అరవై ఒకటి. ఒక్కటి కూడా తగ్గలేదు.

"ఏమండీ! మీ జనం స్టాపులో నిలబడి తిట్టుకుంటున్నారు. వస్తారా, వేరే డ్రైవర్ని పిలవమంటారా?"

కుర్చీ కిర్రుమంది. బావ తిరిగి తెరను చూశాడు, అంకె చూశాడు. తర్వాత తన కాళ్ళు చూసుకున్నాడు.

"బూట్లెక్కడ పెట్టావే?"

ఆ ట్రిప్పు మొదటినుంచి నడిపాడు. డబ్బా ఆగిపోయిన వంతెన దగ్గరికి వచ్చేసరికి అక్క ఊపిరి బిగబట్టింది, నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి బస్సు వంతెన దాటింది. "రైట్, రైట్!" అని అక్క వేసిన కేకకు పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు.

ఆ వారమే నీలం కవరును కుట్లు విప్పి పరిచింది. ఫ్లానెల్ తీసి పారేసింది. గాలి వచ్చే చోటా పోయే చోటా కిటికీలు కోసి పలచటి వలగుడ్డ కుట్టింది. డబ్బాను తన మిషనుకు దూరంగా గది రెండో వైపుకు మార్చింది. ఆడేటప్పుడు కవరు పూర్తిగా తీసెయ్యాలని ఇంట్లో చట్టం చేసింది. అప్పటినుంచి కవరు కుట్టమని ఎవరొచ్చినా నాలుగో ప్రశ్న కూడా అడిగేది: ఇది ఎటునుంచి ఊపిరి పీలుస్తుంది? మా వీధివాళ్ళు వాటికి ముక్కు కవర్లని పేరు పెట్టారు. అందరికంటే ముందు తన దుకాణానికి అవి కావాలని వచ్చినవాడు ఎవరో చెప్పక్కర్లేదు. అక్క అతనికి కుట్టి ఇచ్చింది గానీ, "చూడకుండా కుట్టనా, చూసి కుట్టనా?" అని అడగకుండా ఉండలేకపోయింది.

వెయ్యో ట్రిప్పు రోజు బావ గడ్డం గీసుకుని, బూట్లకు పాలిషు పెట్టాడు. మెకానిక్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. "కూర్చోవయ్యా, నిలబడి ప్రయాణం నా బస్సులో కుదరదు" అని బావ అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఒక్క స్టాపు వదల్లేదు, ఒక్క ఎర్రదీపం దాటలేదు. చివరి స్టాపులో అందరినీ దించి, బస్సును డిపోలో గీతల మధ్య పెట్టాడు. అంకె నాలుగు స్థానాలకు మారింది.

మెకానిక్ చప్పట్లు కొట్టాడు. "ఇంకొక ట్రిప్పు వేయండి సార్, వెయ్యిన్నొకటి!"

"లేదు నాయనా. డ్యూటీ దిగాను" అన్నాడు బావ. తనే వెళ్ళి మీట ఆర్పాడు. డబ్బా చల్లబడిందో లేదో అరచేత్తో చూసి, ముక్కున్న కవరు తొడిగి, ముందు బొత్తాం పెట్టాడు. తర్వాత కుర్చీ ఎత్తుకుని వెళ్ళి అక్క మిషను పక్కన వేసుకున్నాడు.

"ఆ వలగుడ్డ ఇలా పడెయ్యి. ముక్కులు నేను కోస్తా. నువ్వు కోస్తే వంకర పోతున్నాయి."

"నేనా? నావి వంకరా?" అంటూనే అక్క కత్తెర అందించింది.