బెల్లం దిమ్మెలు, బొరుగుల మూటలు

చంద్రుని మీద మనిషి బరువు ఆరో వంతే తూగుతుందన్న వార్త నాకు మొదట చేరవేసింది మా సుంకమ్మత్త. మొన్న ఎమ్మిగనూరు అంగట్లో కొత్త బెల్లం వాసన తగలగానే ఆ మాటా, దాని వెనకే మా అవ్వ అనుమానపు చూపూ గుర్తొచ్చాయి.

పసితనంలో జ్వరమొచ్చి కాళ్లు బలహీనపడటంతో నేను బడికి పోలేదు. నాన్న చెల్లెలు సుంకమ్మత్తే మగ్గం నేస్తూ, నాడె చప్పుడు మధ్య నాకు పాఠాలు చెప్పేది. ఆ చంద్రుని పాఠం పక్కన కండెలు చుడుతున్న అవ్వ చెవిన పడింది. నేను బతికితే ఎత్తుకు ఎత్తు బెల్లం తూచి ఇస్తానని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్న మనిషి ఆమె. మొక్కు ఇసుమంత తగ్గినా జ్వరం తిరిగొస్తుందని ఆమె భయం.

శ్రావణంలో బస్సెక్కి పోయిన ఈరన్న గుడి దగ్గర, తడిబట్టలూ కొబ్బరీ కర్పూరమూ కలిసి వాసనేసే ఆ జనంలో, నన్ను తక్కెడలో కూర్చోబెట్టి ఎదుటి పళ్లెంలో బెల్లం దిమ్మెలు పేర్చారు. ముల్లు నిలిచింది. అవ్వ కళ్లు మాత్రం పక్క తక్కెడ మీదున్నాయి: అక్కడ నా ఈడు పిల్లకు ఎదురుగా బొరుగుల మూటలు కొండలా లేచాయి.

“ఆ పిల్లకు అంత, మన పిల్లకు ఇంతేనా? దూరం పోతే బరువు తగ్గుతాదంటివి గదే. బస్సులోనే తగ్గిపోయిండాది!”

“మన బస్సు చంద్రునిదాకా పోలేదు లేమ్మా,” అని అత్త నన్నూ బెల్లాన్నీ పళ్లాలు మార్పించింది. మళ్లీ సమమే. ఆ పిల్ల తల్లిని బతిమాలి, బొరుగుల మూటలకు ఎదురుగా మా బెల్లం పెట్టించింది. ముల్లు మా వైపే కొంచెం వాలింది.

“తక్కెడ గూడా నీ మాటే ఇంటాండాది,” అంది అవ్వ. “మరి చంద్రునికాడ తూస్తే?”

“ఆడ పిల్లా తేలికైతాది, బెల్లమూ తేలికైతాది. ఎదురెదురు పెడితే ఇదే బెల్లం కావాల. ఈరన్నకు యాడ తూసినా తక్కువ రాదు.”

అవ్వ మొహం అప్పుడు తేటపడింది. దండం పెట్టి, అయినా ఒక చిన్న దిమ్మె పైన పెట్టింది. “నమ్మినాలే. ఇది నా మనసుకు.”

ఈరన్న దయ, జ్వరం తిరిగి రాలేదు. ఇప్పుడు అవ్వా లేదు, అత్తా లేదు, ఆ మగ్గమూ లేదు. అంగట్లో అంకెలు వెలిగే కాటాకు ఎదుటి పళ్లెమే లేదు, మార్చి చూపించమని అడగడానికి. దాన్ని నేను అవ్వ కళ్లతోనే చూస్తుంటాను. మీరు ఏ పసిబిడ్డనైనా ఎత్తుకొని ఆ బరువు చేతికి తెలిసినప్పుడు, భయపడే తల్లిని ఎగతాళి చేయకుండా తక్కెడ తిప్పి చూపించిన మా సుంకమ్మత్తను ఒక్కసారి తలుచుకోండి.