తిన్నె మీద అల్లుడు

పాండిచ్చేరిలో మా వీధిలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. బొత్తాల కొట్టాయన్ని పెళ్ళాం, అత్త కలిసి ఇంట్లోంచి తరిమేశారట, పాపం కొన్నాళ్ళు వీధి తిన్నె మీద పడుకున్నాడట. ఆ కొట్టాయన్ని నేనే. తిన్నె మీద పడుకున్న మాట నిజం. తరిమేశారన్నది అబద్ధం. నోటితో చెబితే, "పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడు" అని నవ్వుతున్నారు. అందుకే రాసిపెడుతున్నాను. తెలుగులో రాస్తే మా వీధిలో చదవగలిగేవాళ్ళు అరుదే, అయినా నిజం ఒకచోట రాసి ఉండాలి. ఈ లిపి నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. లైబ్రరీలో పిల్లల వాచకం ముందు పెట్టుకుని, పెద్దవాణ్ణయ్యాక నేర్చుకున్నాను. ఆ శ్రమ ఇలాంటి వేళ కాకపోతే ఇంకెప్పుడు పనికొస్తుంది?

నాకు వచ్చింది ఫ్లూ. జాకెట్టు హుక్కులు కొనడానికి వచ్చిన ఒకామె తుమ్ముతూ తుమ్ముతూనే కొట్టులో ఉన్న రంగులన్నీ చూసింది. ఆమె పుణ్యమే అనుకుంటాను. ఒళ్ళు నొప్పులు, దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. కదిర్కామం ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, "ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నారు. మా అత్త. ఆమెకు ఆయాసం. కిందటేడు మామూలు జలుబు చేస్తేనే ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

"అయితే ఇది ఆమెకు అంటకూడదు. మాత్ర వేసుకోకుండానే జ్వరం లేని రోజు ఒకటి పూర్తిగా గడవాలి, దగ్గూ నొప్పులూ తగ్గుముఖం పట్టాలి. అందాకా దూరంగా ఉండండి. తర్వాత కూడా కొన్నాళ్ళు మాస్కు వదలొద్దు" అంది డాక్టరమ్మ.

దూరం అంటే ఎక్కడికి పోను? మాది పొడుగాటి ఇల్లు. ముందు తిన్నె, తర్వాత హాలు, వెనక వంటిల్లు, పెరడు. అత్త మంచం హాల్లోనే. ఉన్న ఒక్క గదికీ కిటికీ లేదు, తలుపు తీస్తే ఆ మంచమే. బస్సులో ఆలోచిస్తూ వచ్చాను. గాలితో అంటుకునే రోగాల గురించి లైబ్రరీలో ఒక లావు పుస్తకం చదివి ఉన్నాను, రెండుసార్లు. అందులోంచి నాకు నేనుగా తేల్చుకున్నది ఇది: దగ్గు కూడా సాంబ్రాణి పొగ లాంటిదే. మూసిన గదిలో చిటికెడు వేసినా మూలమూలకూ పోతుంది, వీధిలో వేస్తే పక్కింటికి కూడా తెలియదు. మా తిన్నెకు పైన కప్పు ఉంది, ముందు వీధి ఉంది, సముద్రం నుంచి గాలి ఉంది. ఇంకేం కావాలి? చాప, దిండు, చెంబు తెప్పించుకుని అక్కడ చేరాను. మా ఆవిడ తిన్నె వైపు కిటికీ మూసి, పెరటి తలుపు తెరిచి, అత్త మంచాన్ని అటు జరిపింది.

ఏ పుస్తకంలోనూ లేని సంగతి ఒకటుంది. మా వైపు తిన్నె మీద పడుకునేవాళ్ళు రెండు రకాలే: దారిన పోయేవాళ్ళు, ఇంట్లో తగవు పడ్డ మగవాళ్ళు.

తెల్లారగానే ఎదురింటి చిన్నమ్మ ముగ్గు వేస్తూ తలెత్తింది.

"ఏందబ్బా, ఈడ పడుకోనుండావు? ఇంట్లో సండా?"

"సండా లేదు, తగవూ లేదు చిన్నమ్మా. జ్వరం. దగ్గరికి రావద్దు."

"జ్వరమొస్తే లోపల పండబెడతారు గానీ వీధిలోకి తోలతారా? మీ అత్త పెట్టిన చిచ్చేనా?"

సరిగ్గా అప్పుడే మా ఆవిడ మాస్కు కట్టుకుని వచ్చి, గంజి గిన్నె తిన్నె చివర పెట్టి, మాటా పలుకూ లేకుండా లోపలికి వెళ్ళింది. చిన్నమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఇక సాక్ష్యం ఏం కావాలి?

మా అత్త గురించి చెప్పాలి. పాతకాలపు మనిషి. అల్లుడి ఎదుట నిలబడదు, అల్లుడితో మాట్లాడదు. ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నా, తలుపు చాటు నుంచి "మిరియాల రసం తాగమను" అని కూతురికి చెబుతుంది. నాకు వినబడుతూనే ఉంటుంది. అయినా కూతురు వచ్చి చెప్పేదాకా నేను తాగకూడదు. అది మా ఇంటి మర్యాద.

వార్త విల్లియనూరు చేరింది. అక్కడ అత్తకు అన్న ఉన్నాడు, నాకు పెద్దమామ. అరటిపళ్ళ హస్తంతో స్కూటర్ దిగి, నేరుగా వచ్చి నా చాప మీదే కూర్చున్నాడు. నేను మాస్కు ఎగలాగి జరిగాను. ఆయనా జరిగాడు.

"నువ్వు నోరు తెరవొద్దు. మానం పోతాదని దాస్తావు, నాకు తెలీదా?"

"పెద్దమామా, నాకు ఫ్లూ. మీకూ అంటుకుంటుంది."

"జ్వరం ఎవురికి రాదు? జ్వరానికి ఎవురైనా చాప ఈడ్చుకోని బయటికొస్తారా?" అంటూ తువ్వాలు తీసి బర్రున ముక్కు చీదాడు. ఆయనకు అప్పటికే గట్టి జలుబు! "ఉండు, మా చెల్లిని రెండు మాటలు అడిగేసొస్తా."

లేచాడు. నేను వీధిలో పడుకున్నది దేనికి? ఆ ముక్కుతో ఆయన పోయి మంచం పక్కన కూర్చుంటే, మళ్ళీ ఆ ఆక్సిజన్ గొట్టం, ఆ ఎగశ్వాస. గడపకు అడ్డం పడదామంటే నా దగ్గు లోపలికి పోతుంది. అరవబోతే దగ్గు తెర కమ్మేసింది.

అప్పుడు హాలు అవతలి కొస నుంచి ఒక కేక.

"అల్లుడుగారూ! మా అన్నను గడప దాటనీకండి! ఆయన చీదేది ఈడికి ఇనబడతా ఉంది!"

పెద్దమామ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. "అల్లుడితో మాట్లాడిందే మా చెల్లి!" అన్నాడు మెల్లగా.

"మాట్లాడక? నాకు ఊపిరాడక సస్తే నువ్వొచ్చి ఊదతావా అన్నా? నాకోసరం ఆ బిడ్డ వీధిలో పడుండాడు. నీకేమో పంచాయితీ కావాల్సొచ్చిందా? యాడొచ్చినావో ఆడికే పో!"

చీపురు చేతిలోనే ఉంచుకుని చిన్నమ్మ అంతా విన్నది. మా ఆవిడ ఒక మాస్కు విసిరింది. పెద్దమామ అది కట్టుకుని, తిన్నె ఆ చివర బుద్ధిగా కాసేపు కూర్చుని వెళ్ళాడు. అరటిపళ్ళు మాత్రం నా పక్కనే మరిచిపోయాడు.

జ్వరం దిగింది. మాత్ర లేని రోజు గడిచాక లోపలికి వెళ్ళాను, మాస్కుతోనే. తినడానికి మాత్రం ఇంకా కొన్నాళ్ళు తిన్నె మీదికే వచ్చేవాణ్ణి. అత్తకు తుమ్ము కూడా రాలేదు. కానీ ఆ రోజు తెగిన మౌనం మళ్ళీ అతుక్కోలేదు. ఇప్పుడు ఉప్పు చాలలేదనీ, ఫ్యాను తగ్గించమనీ, లైబ్రరీలోనే కాపురం పెట్టమనీ అన్నీ నేరుగా నాతోనే. "నా ఉద్యోగం ఊడింది" అంటుంది మా ఆవిడ. పెద్దమామ మాత్రం విల్లియనూరులో, పాండిచ్చేరికి పోయి ఒక సంసారం చక్కదిద్ది వచ్చానని చెప్పుకుంటున్నాడు. పుకారు చావనిది అందుకే.

పేర్లు రాయొద్దన్నది మా ఆవిడ షరతు. కాబట్టి వరసలతోనే దండాలు. ఇంట్లో ఎవరున్నారని అడిగిన డాక్టరమ్మకు. నన్ను చూసి జాలిపడి రోజూ ఇడ్లీలు తెచ్చి, చెప్పినట్టే దూరంగా పెట్టి వెళ్ళిన చిన్నమ్మకు. ఫోన్లో అడగ్గానే నా పుస్తకం గడువు పెంచిన లైబ్రరీ అక్కకు. ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్న పెద్దమామకు. ఇంటికీ తిన్నెకూ మధ్య గిన్నెలు మోసిన మా ఆవిడకు. చివరిగా అత్తకు. ఆమెకు తెలుగు చదవడం రాదు, ఇది నేనే చదివి వినిపించాలి. ఎక్కడ తప్పు రాశానో ఆమే చెబుతుంది, నాతోనే.