పొట్టి ప్రభకు ఫస్ట్ ప్రైజ్

నేను ఫిజికల్ సైన్స్ మాస్టారిని. ఇరవై రెండేళ్ళుగా గవర్నమెంటు హైస్కూళ్ళలో బలం, పీడనం, ఘర్షణ చెబుతూ బతుకుతున్నాను. ఇన్నేళ్ళలో నాకు పోగుపడింది ముక్కు మీద కోపం ఒక్కటే. పిల్లలు చాటుగా నన్ను ‘పీడనం సార్’ అంటారని తెలుసు. తెలియనట్టు ఉంటాను.

ఆ ఫిబ్రవరిలో ఎనిమిదో తరగతికి పాత పాఠాలన్నీ రివిజన్ మొదలుపెట్టాను. మా పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. “గరిమనాభి అంటే ఏమిటి?” అని అడిగితే, ఇంగ్లీషు చదివినవాళ్ళు అది తెలుగు పేజీలో ఉంటుందనుకున్నారు, తెలుగు చదివినవాళ్ళు ఇంగ్లీషు పేజీలో ఉంటుందనుకున్నారు. వెనక బెంచీవాడు లేచి తన బొడ్డు చూపించాడు. వస్తువు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కవేసుకునే బిందువే గరిమనాభి అనీ, అది ఎంత కిందికి ఉంటే వస్తువు అంత గట్టిగా నిలబడుతుందనీ మళ్ళీ మొదటినుంచి చెప్పాను. అందరూ తలలూపారు. ఆ ఊపు నాకు బాగా తెలుసు. బెల్లు కొట్టే ముందు అందరూ అలాగే ఊపుతారు.

శివరాత్రి ఇంకా పది రోజులుంది. మా స్కూలు ఉన్న ఊరు కోటప్పకొండకు దగ్గర. ఆ పది రోజులూ ఊళ్ళో ప్రభ మాట తప్ప మరో మాట ఉండదు. బండి మీద వెదుళ్ళూ, సరుగుడు కర్రలూ కలిపి తాటిచెట్టును మించిన ఎత్తుకు కట్టి, రంగు గుడ్డలూ బల్బులూ తొడిగి, నాలుగు వైపులా మోకులు పట్టుకుని కొండకు లాక్కెళతారు. నాకో ఆలోచన వచ్చింది. ఒక్కొక్కరూ ఇంటి దగ్గర చిన్న ప్రభ కట్టి తీసుకురావాలి. చెక్క మీద నిలబెట్టి, చెక్క ఒక చివర కింద నోటుపుస్తకాలు ఒక్కొక్కటే పెడుతూ వాల్చుకుంటూ పోతాం. ఎక్కువ పుస్తకాల దాకా పడకుండా నిలిచిన ప్రభ నరసరావుపేటలో జరిగే సైన్స్ ఫెయిర్‌కు వెళుతుంది. పొట్టిగా కడితే గరిమనాభి కిందికి ఉంటుందని సూచన కూడా ఇచ్చాను. అప్పటికి నా తెలివికి నేనే మురిసిపోయాను.

క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న మాచర్ల వైపు నుంచి వచ్చి, రోడ్డు పక్క డిపోలో నాపరాళ్ళు కోసే పనిచేస్తాడు. ప్రశ్నలు అడిగేది ఆ పిల్ల ఒక్కతే. “గాలికి బరువుందంటారు గదా సార్, మరి మన నెత్తి మీద ఎందుకు తెలవదు?” అనేది. సిలబస్ వెనకబడుతుందని “తర్వాత చెబుతా, కూర్చో” అనేవాణ్ణి. ఆ ‘తర్వాత’ అనేది ఒక్కసారీ రాలేదు. ఆ రోజు కూడా లేచి, “మేం చర్చికి పోతాం సార్, ప్రభ కట్టొచ్చా?” అంది.

“గరిమనాభికి మతం లేదమ్మా, కట్టు” అన్నాను. ఎంత పెద్ద మాటన్నానో అని ఆ సాయంత్రమంతా గొప్పగా ఉంది.

నాలుగు రోజులకు తీరా తెచ్చాక చూస్తే ముప్పై ఒక్క ప్రభల్లో ముప్పై పొడుగువే. పల్నాడు పిల్లలు పొట్టి ప్రభ కడతారనుకోవడం నా అమాయకత్వం. ఒక్క క్లాస్ లీడర్ మాత్రం నా మాట విని, జానెడు ఎత్తు ప్రభ పట్టుకుని తలవంచుకుని వచ్చాడు. “అది ప్రభ కాదురా, బీరువా” అని అందరూ నవ్వారు. పరీక్షలో మాత్రం పొడుగువి వరసగా మూడో పుస్తకానికీ నాలుగో పుస్తకానికీ పడిపోయాయి. బీరువా పదకొండు దాకా నిలబడింది. నా పాఠం గెలిచింది.

చివర ఆ అమ్మాయి ప్రభ వచ్చింది. అన్నిటికంటే పొడుగు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది, పదిహేను పెట్టేసరికి దొంతరే కూలేట్టు ఉంది కానీ ప్రభ కదల్లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా లెక్క ప్రకారం అది పడాలి. పడలేదంటే తప్పు ఎవరో ఒకరిది అయ్యుండాలి. ఆ ఒకరు నేనే కావచ్చన్న ఆలోచన ఆ పూట దరిదాపులకు రాలేదు. ప్రభ ఎత్తి చూశాను. బరువుగా ఉంది. అడుగున రంగు కాగితం చించితే అరచేయంత నాపరాయి ముక్క బయటపడింది.

“ఏందిది?”

“నాపరాయి సార్. గాలికి పడిపోతా ఉంటే పెట్టా.”

“ప్రభ కట్టమంటే రాయి దాస్తావా? ఇది మోసం కాదూ?”

“రాయి పెట్టొద్దని మీరు చెప్పలా గదా సార్.”

నిజమే, చెప్పలేదు. ఆ రూలు రాయి కనబడ్డాకే పుట్టింది. నిజం కావడం వల్లే నాకు ఒళ్ళు మండింది. క్లాసంతటి ముందూ చెడామడా తిట్టి, ఆమె ప్రభకు సున్నా వేసి, పొట్టి ప్రభకు ఫస్ట్ ప్రైజ్ ప్రకటించాను. రాయి తెచ్చి స్టాఫ్ రూమ్‌లో నా కాగితాల మీద పెట్టుకున్నాను. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా చక్కగా పనికొచ్చింది. గాలికి పడకుండా పెట్టానని ఆ పిల్ల చెప్పిందీ ఇదే కదా అని ఒక్కరోజు కూడా తట్టలేదు.

మర్నాటి నుంచి పిల్లలు ఆమెను ‘రాయి దొంగ’ అనడం మొదలుపెట్టారు. ఏం అడిగినా ఆమె “తెలవదు సార్” అనేది. తను అడగడం మానేసింది. రివిజన్ చకచకా సాగింది. మొదటి రెండు రోజులూ నాకు హాయిగానే ఉంది. మూడో రోజు నుంచి నా గొంతు నాకే వినబడుతూ విసుగ్గా అనిపించింది.

శివరాత్రి నాడు నేనూ మా ఆవిడా కొండకు వెళ్ళాం. దారిలో ఒక పెద్ద ప్రభ చక్రం మొరాయించి ఆగిపోయింది. మేం దాని నీడలో నిలబడ్డాం. చక్రం సరిచేయడానికి అడుగు భాగాన గుడ్డ పైకెత్తారు. లోపల లావుపాటి దూలాలు, వాటి మధ్య వరసగా ఇసుక బస్తాలు, పక్కన నాలుగు నాపరాళ్ళు. మోకు పట్టుకున్న పెద్దాయనను, ఆ రాళ్ళు ఎందుకు పెట్టారని అడిగాను.

“తమరేం చేస్తుంటారు?” అన్నాడు.

“సైన్స్ మాస్టారిని.”

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. “మాస్టారై ఉండి అదేం అడగటమండీ? అడుగున బరువు లేకపోతే ఇంత ఎత్తు నిలబడుద్దా?”

సిగ్గుతో చచ్చిపోయాను. బరువు కిందికి వస్తే గరిమనాభి కిందికి దిగుతుంది. పొట్టిగా కట్టాల్సిన పనే లేదు. ఇరవై రెండేళ్ళు నేను వల్లెవేయించిన పాఠాన్ని చేసి చూపించిన పిల్లను దొంగను చేశాను.

“దేవుణ్ణి చూడ్డానికొచ్చి ఇసుక బస్తాలు చూస్తా నిలబడ్డారేందండీ?” అంది మా ఆవిడ. క్యూలో ఆమెకు మొత్తం చెప్పాను. “ఆ పిల్లకు చెప్పారా మరి?” అంది.

“ఎల్లుండి చెబుతా.”

“దేవుడి కొండ మీద అన్న మాట, తప్పకూడదు, గుర్తుంచుకోండి.”

అన్నట్టే మూడో రోజు క్లాసుకు రాయి పట్టుకుని వెళ్ళాను. ‘ఫలితాల పునఃపరిశీలన’ అని బోర్డు మీద రాశాను. అలా రాస్తే క్షమాపణ అడిగినట్టు ఉండదని నా ఉపాయం. కానీ ఆ అమ్మాయి తలెత్తకుండా కూర్చోవడం చూశాక ఉపాయం నిలవలేదు. బోర్డు తుడిచేసి, “తప్పు నాదమ్మా. కొండకు పోయే పెద్ద ప్రభ అడుగున కూడా రాళ్ళున్నాయి, చూసొచ్చాను. నువ్వు కట్టిందే సరైన ప్రభ. దొంగ అన్నవాళ్ళకు ఆ మాట నేర్పింది నేనే” అన్నాను. క్లాస్ లీడర్ గబుక్కున లేచి, “ఫెయిర్‌కు ఆమెనే పంపండి సార్. ఆ పొట్టిదాన్ని పేట దాకా మోసుకుపోవాలంటే నాకు సిగ్గుగా ఉంది” అన్నాడు. రాయి ఇచ్చాను. ఆమె తీసుకుని “సరే సార్” అంది. రాయి సంచిలో వేసుకుని పుస్తకం తెరిచింది. అంతమందిలో తిట్టినంత తేలిగ్గా ఆ తిట్లు తిరిగి తీసుకోవడం కుదరదని అర్థమైంది.

వారం తర్వాత ఫెయిర్. జడ్జి మరో మండలంలో ఫిజికల్ సైన్స్ మాస్టారు, సర్వీసులో నాకంటే సీనియర్. ప్రభను వాల్చి చూశాడు, పడలేదు. ఎత్తి చూశాడు, కనుబొమలు ముడిపడ్డాయి. అడుగున కాగితం చించాడు.

“ఏందమ్మా ఇది? లోపల రాయి దాచావా?”

నేను అడ్డం వెళ్ళి చెప్పబోయాను. నాకంటే ముందే ఆ పిల్ల నోరు విప్పింది.

“మా సారు కూడా ముందు ఇట్టాగే అన్నారండి. కొండకెళ్ళొచ్చాక తెలుసుకున్నారు.” జడ్జి నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను. ఆమె ఆయన మొహంలోకే చూస్తూ, “మీరింకా కొండకెళ్ళలేదాండి?” అంది.

పదిహేను రోజుల తర్వాత ఆ పిల్ల నోట నేను విన్న మొదటి ప్రశ్న అది.