సంతోషమ్మ చదవమన్న డబ్బా

మా ఊళ్ళో ఎవరికెంత తెలివి ఉందో తెలుసుకోవాలంటే పొలం ఎంతుందో అడిగితే సరిపోతుంది. నలభై ఎకరాల చెంచయ్య గారు వాన పడుతుందంటే ఊరంతా కళ్ళాల్లో మిరపకాయలు కుప్ప చేసి పట్టాలు కప్పేది. పడకపోతే తప్పు వానదే. అదే మాట కూలికి పోయేవాడు అంటే, "నువ్వూ చెప్పేవాడివేనా!" అని నవ్వేవాళ్ళం. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, అదీ నా బాధ.

నా పేరు కోటేష్. నరసరావుపేటలో బి.ఏ. చదివి, ఉద్యోగం దొరక్క, తొంభై తొమ్మిదిలో మా ఊరి సెంటర్లోనే హుస్సేన్ సాహెబ్ గారి పురుగు మందుల షాపులో గుమస్తాగా చేరాను. ఇస్త్రీ ప్యాంటు వేసుకుని కౌంటర్ వెనక నిలబడితే చాలు, నన్ను కూడా తెలివైనవాడి కింద జమకట్టేశారు. నేనూ కాదనలేదు. ఎవరు కాదంటారు?

సంతోషకుమారి నాకంటే పదేళ్ళు పెద్దది. చర్చి పేటలో ఉండేది. అందరూ సంతోషమ్మ అనేవాళ్ళు. నేను ఆమెను నువ్వనేవాణ్ణి, ఆమె నన్ను అండీ అనేది. పత్తి తీతలకు పంపడానికి రెండో తరగతిలోనే బడి మాన్పించారట. పెళ్ళయ్యాక భర్త ప్రేమదాసు పంపు వీపుకు తగిలించుకుని చేలల్లో మందు కొడుతుంటే, ఆమె కాలవ నుంచి బిందెలతో నీళ్ళు మోసి, డ్రమ్ములో మందు కలిపేది. తొంభై ఏడులో పచ్చపురుగు మా పత్తినంతా నమిలేసినప్పుడు, ఒక్కో చేనుకు ఇరవైసార్లు మందు కొట్టారు. ఆ ఇరవైసార్లూ కలిపింది ఆమే. డబ్బా మూత తీసి ఒక్కసారి వాసన చూసి, నీళ్ళలో నాలుగు చుక్కలు వేసి రంగు చూసి, అది ఏ పురుగుకో, పురుగు ఎన్ని రోజులకు రాలుతుందో చెప్పేది.

షాపులో పని తక్కువగా ఉన్న రోజుల్లో నేనూ హుస్సేన్ సాహెబ్ గారూ ఆమెను ఆటపట్టించేవాళ్ళం. ఐదు మూతల్లో ఐదు మందులు పోసి, కళ్ళు మూసుకొని చెప్పమనేవాళ్ళం. ఒక్కటి కూడా తప్పేది కాదు. ఒకసారి కొత్తగా దిగిన పెట్టెలో డబ్బా వాసన చూసి, "ఇందులో సగం నీళ్ళేనండి" అంది. సాహెబ్ గారు కలిపి చూసి, తిట్టుకుంటూ పెట్టె మొత్తం వెనక్కి పంపేశారు. ఆమెకు టీ తెప్పించారు. అయినా ఎవరం దాన్ని తెలివి అనలేదు. సంతోషమ్మకు ముక్కు మంచిది అనుకున్నాం, కుక్కకు అన్నట్టు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రెండు వేల రెండులో ఆమె రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసింది. ప్రేమదాసు వద్దన్నాడు. "కూలి పనిలో పోతే పోయేది మన ఒళ్ళే. కౌలంటే అన్నీ పోతాయి" అన్నాడట. ఆమె వినలేదు. విత్తనాలకు షాపుకొచ్చినప్పుడు నేనే అడిగాను, ఎందుకమ్మా నీకీ తంటా అని.

"ఇన్నేళ్ళూ ఒకళ్ళు కలపమంటే కలిపాను, కొట్టమంటే కొట్టాం. అది తప్పని తెలిసినా కొట్టాం. ఒక్క పంటన్నా నా బుర్రతో పండించి చూసుకోవాలండి" అంది.

ఆమెకు కావలసింది అంతే. నేను నవ్వి విత్తనాలిచ్చాను.

నారు బాగా అందుకుంది. దీపావళి దాటాక ముసురు పట్టింది. ఆ ముసురులో ఆకు ముడత మొదలైంది. ఆమెకు తెలిసిన మందు రెండుసార్లు కొట్టినా వాన కడిగేసింది. కాలవకు అవతల చెంచయ్య గారి మిరప మాత్రం చాప పరిచినట్టు పచ్చగా ఉంది.

మా వైపు ఒక అలవాటుంది. పెద్ద రైతు ఏం మందు కొట్టాడో నోటితో చెప్పడు, మనం అడగం. ఆయన గట్టు మీద పడేసిన ఖాళీ డబ్బా ఏరుకుని షాపుకు తెచ్చి, "ఇదే ఇవ్వండి" అంటాం. షాపువాడు చూసి అదే ఇస్తాడు. నలభై ఎకరాల ఆయన కొట్టాడంటే ఇంక మాట్లాడేదేముంది? సగం ఊరు అట్లాగే వ్యవసాయం చేసింది. ప్రేమదాసు కూడా చెంచయ్య గారి గట్టు మీద నుంచి ఒక తెల్ల డబ్బా తెచ్చాడు.

ఆ డబ్బా పట్టుకుని సంతోషమ్మ షాపుకొచ్చిన రోజు సాహెబ్ గారు సరుకు కోసం గుంటూరు వెళ్ళారు. ఆ మందు షాపులోకి కొత్తగా వచ్చింది. దించింది ఆయనే, చెంచయ్య గారికి అమ్మిందీ ఆయనే. నాకు దాని సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ.

"ఇది పురుగు మందులా లేదండీ," అంది ఆమె. "ఘాటు లేదు. అడుగున ఉన్న నాలుగు చుక్కలు నీళ్ళలో వేశాను. పాలలాగా తెల్లబడలేదు, సబ్బు నీళ్ళలాగా నురగొచ్చింది. మీ దగ్గరున్న డబ్బా మీద ఏం రాసుందో ఒక్కసారి చదివి చెప్పండి."

కౌంటర్ ముందు పది మంది ఉన్నారు. వాన మళ్ళీ వస్తుందని అందరికీ తొందర. డబ్బా మీద చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఇంగ్లీషు వచ్చు. రెండు నిమిషాలు చాలు. నేను చదవలేదు.

"చెంచయ్య గారి చేను చూశావా? ఆయన కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమె మొహం చిన్నబోయింది. డబ్బాలు తీసుకుని వెళ్ళింది.

అయినా ఆమె గుడ్డిగా కొట్టలేదు. ఈ సంగతి ప్రేమదాసు తర్వాత చెప్పాడు. మంగళవారం ఒక్క సాలుకు మాత్రం కొట్టించి, వారం చూద్దామంది. బుధవారం ఆకు కింద చూసింది. పురుగు చావలేదు, మొక్కకేమీ కాలేదు. గురువారం ఉదయం తెరిపి ఇచ్చింది. సాయంత్రానికి మళ్ళీ వాయుగుండం అని రేడియోలో చెప్పారు. చేనంతా ఒక్క పూటలో కొట్టేసే తైవాన్ ఇంజను పంపు అద్దెకు దొరికింది ఆ ఒక్క రోజే. ముడత చేను సగం దాటింది. ప్రేమదాసు పంపు భుజానికెత్తుకుని గట్టు మీద నిలబడి, "నువ్వు చూస్తా కూర్చో, ఈలోపు చేను చూడ్డానికుండదు" అని అరిచాడు. ఆమె డ్రమ్ములో మందు కలిపింది.

నేనెన్నిసార్లు ఆలోచించానో ఆ గురువారం గురించి! వారం ఆగాలని ఆమెకు తెలుసు. చెంచయ్య గారైతే ఆగేవారు. ఓ రెండెకరాలు ముడత పట్టినా ఆయనకు ముప్పై ఎనిమిది ఉంటాయి. అందుకే ఆయన ఓర్పున్న మనిషి, ముందుచూపున్న మనిషి. ఆమెకున్నవే రెండు. తెలివి ఉండీ దాన్ని వాడుకునే వ్యవధి లేకపోతే మనిషేం చేస్తాడు?

సోమవారం ఉదయం ఆమె కొట్టించిన ఆ మొదటి సాలు పసుపు తిరిగింది. మిగతా చేనంతా ఇంకా పచ్చగానే ఉంది. ఆమెకు వెంటనే అర్థమైంది. కాలవలో బిందె ముంచి మొక్క మొక్కకూ నీళ్ళు పోసి కడగడం మొదలుపెట్టిందట. నాలుగు రోజుల కిందట పడిన మందు నీళ్ళకు పోదని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా మధ్యాహ్నం దాకా పోసింది. తర్వాత గట్టు మీద కూర్చుని, పచ్చగా ఉన్న ఆ చేను వైపు చూస్తూ ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు, చేను ఇంత బాగుంటే ఏడుపేంటని అడిగారట. బుధవారానికి రెండెకరాలూ మాడిపోయాయి.

మర్నాడు వాళ్ళిద్దరూ షాపుకొచ్చారు. వెనకే ఇరవై మంది. కబురు తెలిసి చెంచయ్య గారూ వచ్చారు.

"గట్ల మీద తుంగ చావడానికి కొట్టించానే అది! గడ్డి మందు! మిరప మీద కొట్టమని ఎవడు చెప్పాడే నీకు? బుర్ర ఉండక్కర్లా?" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది, అది ఇంకా ఘోరం.

సంతోషమ్మ ఆయన వైపు చూడలేదు. "నాకు అనుమానమొచ్చింది సాహెబ్ గారూ. ఏం రాసుందో చదవమని ఈ కోటేషు బాబుని అడిగాను" అంది.

హుస్సేన్ సాహెబ్ గారు నా వైపు తిరిగారు. "ఏరా, అడిగిందా?"

ఉద్యోగం పోతుంది. పోయినా పర్వాలేదు, మరో షాపు దొరికేది. నిజానికి నన్ను భయపెట్టింది అది కాదు. చదువుకున్న నాకు తెలియనిది, బడి మానేసిన ఆమెకు తెలిసిందని ఇరవై మంది ముందు ఒప్పుకోవాలి. నా నోరు దానంతటదే కదిలింది.

"ఖాళీ డబ్బా చూపించి ఇదే కావాలంది, ఇచ్చాను. ఇంకేం అడగలేదు" అన్నాను.

ఎవరూ రెండో మాట అడగలేదు. ఆ రోజు కౌంటర్ ముందుండి నవ్వినవాళ్ళు కూడా ఆ గుంపులో ఉన్నారు. వాళ్ళూ మాట్లాడలేదు. "చదువు రానోళ్ళు సొంత వ్యవసాయం చేస్తే ఇట్లాగే ఉంటుంది" అని ఎవరో అన్నారు. ప్రేమదాసు నా మీదికి రాబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. నా కళ్ళలోకి చూసింది. తిట్టలేదు. నన్నెవరు నమ్ముతారో, ఆమెనెవరు నమ్మరో ఆ ఒక్క క్షణంలో లెక్క తేల్చుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ కౌలు మాట ఎత్తలేదు.

ఇప్పుడామె చెంచయ్య గారి చేలల్లోనే మందులు కలుపుతోంది. ఆమె వాసన చూడందే అక్కడ డబ్బా మూత తెరవరు. మంచి పంట వస్తే ఊళ్ళో మాత్రం, "చెంచయ్య గారి బుర్రే బుర్ర" అంటారు.

ఆరేళ్ళు నాకు కుదురు లేదు. ఆమె షాపు ముందు నుంచి వెళుతుంటే లోపలికి పోయి లేని పని వెతుక్కునేవాణ్ణి. చివరికి రెండు వేల ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం చెంచయ్య గారి చేను గట్టు మీదికి వెళ్ళాను. ఆమె డ్రమ్ములో కర్రతో మందు తిప్పుతోంది.

"సంతోషమ్మా, ఆ రోజు నువ్వు చదవమన్నావు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. ఆమె క్షమిస్తుందనుకున్నాను, లేకపోతే తిడుతుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే వెళ్ళాను.

ఆమె తిప్పడం ఆపలేదు. "నాకు చెబితే ఏముందండీ? నాకు తెలిసిందేగా. ఆ రోజున్నారే, ఆ ఇరవై మంది, వాళ్ళకు చెప్పండి" అంది.

సరేనని వచ్చాను. రోజూ వాళ్ళలో ఎవరో ఒకరు షాపుకు వస్తూనే ఉంటారు. ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు. ఇదంతా రాస్తున్నది కూడా, వాళ్ళెవరూ చదవరన్న ధైర్యంతోనే.