మంచి మోకాలు ముందు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ముప్పై ఏళ్లు కంభం, గిద్దలూరు, మార్కాపురం రూట్లలో బస్సు కండక్టరుగా చేశాను. శ్మశానం పక్క స్టేజీలో ఎక్కినవాళ్లకూ టికెట్టు కొట్టాను. అందరూ కిటికీ సీటు కోసం పేచీ పెట్టిన మనుషులే. ఒకసారి చూసిన ముఖం నేను మరిచిపోను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. మా అబ్బాయి కూతురు లాస్యకు ఆరేళ్లు. పోయినేడాది పొద్దున లేవగానే కుంటడం మొదలుపెట్టింది. ఎండ ఎక్కేసరికి మామూలుగా ఆడుకునేది. కుడి మోకాలు కాస్త ఉబ్బి ఉండేది.

మా వైపు కీళ్ల నొప్పి అంటే అందరి నోటా ఒకటే మాట, ఫ్లోరైడ్ నీళ్లు. ఒక డాక్టరూ అదే అన్నాడు. ఇంకొకాయన ఎదిగే వయసు నొప్పులన్నాడు. మూడో ఆయన మోకాలు చూడనే లేదు. ఊరి పేరు అడిగాడు, వినగానే మందు రాసేశాడు. ఎనిమిది నెలలు క్యాన్ నీళ్లు తాగించాం. ఆ బోరు నీళ్లే తాగి ముసలివాణ్నయిన నేను ఇప్పటికీ బస్సు వెంట పరిగెత్తగలను. పిల్ల మాత్రం మంచం దిగలేకపోయేది. (బస్సు వెంట పరిగెత్తలేను. నడవగలను.)

ఒక సోమవారం పొద్దున గిద్దలూరు వైపు ఒక ఆస్పత్రికి తీసుకుపోయాను. పేరు రాయను. వరండాలో మా నంబరు కోసం కూర్చున్నాం. చివరి గది తలుపు తెరిచి ఉంది. లోపల అరవై దాటిన ఒకామె కూర్చుని ఉంది. పాపను తీసుకురమ్మని సైగ చేసింది.

రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుంది. లాస్య కాలు వెనక్కి లాక్కుంది. "భయం వద్దు తల్లీ, మంచి మోకాలు ముందు పట్టుకుంటా" అంది. చేతి వెనకవైపు ముందు ఎడమ మోకాలికి, తర్వాత కుడి మోకాలికి ఆనించి వేడి చూసింది. నిద్ర లేచాక ఎంతసేపు బిగుసుకుని ఉంటుందని, ఎండ ఎక్కాక వదులుతుందా అని అడిగింది.

"నీళ్లు కాదు పెద్దాయనా, పిల్లల కీళ్లవాతం. దీనికి వేరే చదువు ఉంది. అది చదివినవాళ్లు ఇక్కడ లేరు, హైదరాబాద్ పోండి. ముందు కళ్లు చూపించండి. కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు, అయినా లోపల చెడిపోతుంటుంది."

అంతలో మా నంబరు పిలిచారు. డాక్టరు గది నుంచి తిరిగి వస్తే చివరి తలుపుకు తాళం ఉంది. ఊడుస్తున్న ఆమెను అడిగాను.

"ఆ గదా? పాత బీరువాలు పెట్టినారు. ఎవరూ కూచోరు. ఎండన పడి వచ్చినావా ఏంది తాతా?"

ఊళ్లో ఇదంతా చెప్పాను. తెల్లచీర అన్నాను, కాళ్లు నేలకు ఆనలేదన్నాను, తాళం తుప్పు పట్టిందన్నాను. తర్వాత హైదరాబాద్ పోయొచ్చాక, అక్కడి ఆస్పత్రిలో ఆమె ఫొటోకు దండ వేసి ఉందని కూడా చెప్పాను. అవన్నీ నేను కలిపినవే. ఆమెది సాదా నేత చీర, రబ్బరు చెప్పులు. తాళం కొత్తది. హైదరాబాద్ ఆస్పత్రి గోడ మీద ఉన్నది చేతులు ఎలా కడుక్కోవాలో చూపే బొమ్మ.

ఎందుకు కలిపానో కూడా చెప్తాను. ఆ రోజు ఇంటికొచ్చి "మోకాలి నొప్పికి కళ్లు చూపించేదేంది" అని నవ్వింది నేనే. నెల రోజులు పిల్లను ఎక్కడికీ కదలనివ్వలేదు. ఆమెను దయ్యం చేస్తే జనం దయ్యం గురించి అడుగుతారు. డాక్టరని చెబితే నా గురించి అడుగుతారు. మా కోడలు ఒక్కసారే అడిగింది. "ఆమె చెప్పినాక నెల రోజులు ఏం చేస్తుంటివి మామా?"

చివరికి హైదరాబాద్ పోయాం. అక్కడి పెద్ద డాక్టరమ్మ చుట్టూ నలుగురు కుర్ర డాక్టర్లు. పిల్లల డాక్టర్లయ్యాక మళ్లీ ఈ జబ్బుల కోసమే కొన్నేళ్లు నేర్చుకుంటారట. ఒకబ్బాయి నేరుగా కుడి మోకాలు పట్టుకోబోతే పెద్ద డాక్టరమ్మ ఆపింది. "మంచి మోకాలు ముందు" అంది. గిద్దలూరు గదిలో విన్న మాట అదే. తర్వాత అడిగిన ప్రశ్నలూ అవే. కళ్లు పరీక్ష చేస్తే ఎడమ కంట్లో లోపల వాపు. మందులతో ఆగింది. మసక మాత్రం పోలేదు.

నా నెల రోజులకా, ఆ ఎనిమిది నెలలకా, దేనికి పోయిందమ్మా ఈ చూపు అని అడిగాను. చెప్పలేనంది. "మా మార్కాపురం వైపు వస్తారా నాయనా?" అని ఆ నలుగురినీ అడిగాను. నలుగురూ ఫైలులోకి చూశారు.

అప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. వెచ్చని చేయి, రెండు ప్రశ్నలు, కంటి డాక్టరుకు ఒక చీటీ. నేర్పితే వచ్చే పని ఇది. మా పిల్లల మోకాళ్లు చూసే డాక్టర్లకు ఈ మాత్రం ఎందుకు నేర్పలేదు? ఊరి పేరే జబ్బు పేరని రాసే చేతికి ఇంకేం నేర్పారు?

ఆ గిద్దలూరు ఆస్పత్రికి మళ్లీ మూడుసార్లు పోయాను. పనిచేసేవాళ్లనూ వచ్చిపోయేవాళ్లనూ ఒక్కొక్కరినే చూశాను. ఒక్క ముఖమూ ఆమెది కాదు. అలాంటి డాక్టరు ఎప్పుడూ లేదన్నారు. ఇందులో నేనేమీ కలపలేదు.

పోయిన వారం లాస్యకు జ్వరమొస్తే మార్కాపురంలో చూపించాం. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు పాత జబ్బు విని కుడి మోకాలి మీద చెయ్యి వేయబోయాడు. పిల్ల ఎడమ కాలు ముందుకు చాపింది.

"మంచిది ముందు పట్టుకోవాల" అంది.

ఆయన చెయ్యి ఆపాడు. "ఎవరు చెప్పినారు పాపా?"

లాస్య నా వైపు చూసింది. ఊళ్లో ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పిన నాకు, ఆయనకు చెప్పడానికి ఆమె పేరు కూడా తెలీదు.