స్టీలు గ్లాసుతో నేల విన్న బాబాయి

గ్లాసు బాబాయికి నేలకు చెవి ఆనించి నీళ్ళ చప్పుడు వినడం కన్నా ఇష్టమైన పని ఇంకొకటి లేదు. ఆ పేరు వీధి పెట్టింది. పేరు విన్న కొత్తవాళ్ళు ఇంకేదో అనుకుని ఆయన పక్క కుర్చీలోంచి మెల్లగా జరిగిపోయేవారు. పాపం, ఆయన టీ కన్నా ఘాటైనది తాగి ఎరగడు. ఆ గ్లాసు తాగడానికి కాదు, వినడానికి. మామూలు స్టీలు గ్లాసు. దాన్ని నేల మీద బోర్లించి, అడుక్కి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కాసేపటికి చెయ్యి పైకెత్తి, "ఉండండి, వినపడుతోంది" అనేవాడు.

ఆ మాట అనగానే వీధి కుక్కలు కూడా మొరగడం ఆపేవి. నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు. ఆ కుక్కలే ఉంటే సాక్ష్యం చెప్పేవి.

ఆ రోజుల్లో వీధి కింద ఉన్న పెద్ద పైపు నుంచి ఒక్కో ఇంటికి ఒక్కో ఇనప పైపు భూమిలోంచి వచ్చేది. పొద్దున్నే కాసేపు నీళ్ళు వదిలేవారు. ఆ కాసేపట్లోనే తొట్లు, బకెట్లు, చేతికందిన చెంబులు అన్నీ నింపుకోవాలి. అందరిళ్ళలో నీళ్ళు ఉరికి వచ్చేవి. బాబాయి ఇంట్లో మాత్రం బడికి పోయే పిల్లాడిలా కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవి.

"ఏవండీ, ఫోర్సు లేదు" అని వంటింట్లోంచి కేకేసేది పిన్ని. ఆవిడ బాబాయికి భార్య, వీధికంతటికీ పిన్ని.

"ఎక్కడో లీకుంది."

"నిన్నా అదే అన్నారు."

"నిన్నటిది వేరే లీకు."

ఇక గునపం, పార, గ్లాసు బయటికొచ్చేవి. పెరట్లో ఒకచోట బోర్లా పడుకుని వినేవాడు, లేచి ఇంకోచోట తవ్వేవాడు. విన్నచోట తవ్వడేమని అడిగితే, "శబ్దం నడుస్తుంది, నేను దానికంటే ముందెళ్ళి కాపు కాస్తాను" అనేవాడు. ఆ తవ్వకాల్లో పిన్ని పెళ్ళినాటి గరిటె దొరికింది, పక్కవీధి పిల్లల బంతి దొరికింది, ఎవరిదో పెట్టుడు పళ్ళ సెట్టు దొరికింది. ఒకసారైతే గుంట ఎంత లోతుకు పోయిందంటే, అడుగున నిలబడితే భూమికి అవతలివైపు వాళ్ళు పొద్దున్నే పళ్ళు తోముకుంటున్న చప్పుడు వినపడిందట. లీకు మాత్రం దొరకలేదు.

ఆ ఇంటికి చుట్టాలు వస్తే ఎదుటివాళ్ళ మొహం చూసి పలకరించడం మానేసి నేల చూసుకుంటూ నడిచేవారు. పోస్టుమాన్ ఉత్తరం గేటుకే గుచ్చి పోయేవాడు. పిన్ని మందార మొక్క ఎన్నిసార్లు చోటు మారిందంటే, పాపం దానికి ఏ వైపు తిరిగి పూయాలో తెలియక పూయడమే మానేసింది.

"ప్లంబర్ని పిలుద్దాం" అనేది పిన్ని.

"నా పైపు మీద నేను తప్ప ఇంకొకడి చెయ్యి పడడానికి వీల్లేదు."

"అదేమన్నా మీరు కన్న బిడ్డా?"

"అంతకన్నా ఎక్కువ. బిడ్డలైతే ఎక్కడ నొప్పో నోటితో చెబుతారు."

ఈ సంతలో గోడ అవతలి నుంచి టేపు మాస్టారి గొంతు తోడయ్యేది. ఆయన వయసుమళ్ళిన టైలరు, ఒంటిగా ఉంటాడు. కొట్టు మూసేసినా మెడలో టేపు మాత్రం తియ్యలేదు. స్నానానికి వెళ్ళినప్పుడు కూడా అది మెడలోనే ఉంటుందని వీధిలో వాడుక. ఏళ్ళ తరబడి మిషను తొక్కీ తొక్కీ ఒక మోకాలు మొరాయించింది. గోడ మీద మోచేతులు ఆనించి, బాబాయి గుంటలోకి తొంగి చూడడం ఆయనకు పొద్దుటి కాలక్షేపం.

"ఏమోయ్, ఇవాళ నిధి దొరికిందా?"

"లేదు మాస్టారూ."

"నా లైను చూడు. వేసిన నాటి నుంచి దాని మీద గునపం దెబ్బ పడలేదు. నీళ్ళు ఎంత ఫోర్సుగా వస్తాయంటే బకెట్ పట్టుకోకపోతే ఎగిరిపోతుంది. పైపంటే అలా వెయ్యాలి, కొలత ప్రకారం."

"అవును మాస్టారూ, మీ లైను బంగారం" అని బాబాయి తలూపేవాడు. పిన్నికి ఒళ్ళు మండిపోయేది. ఎవరేమన్నా పది మాటలు తిరిగి అప్పజెప్పే మనిషి, ఈ ఒక్కాయన ముందు పిల్లిలా ఎందుకుంటాడో ఆవిడకు అర్థమయ్యేది కాదు.

చివరికి ఓ పొద్దున పైపే పంతం పట్టింది. గేటు దగ్గర నేలలోంచి నీళ్ళు బుడబుడమని పైకొచ్చి వీధిలోకి నడిచిపోయాయి. వంటింటి కుళాయి ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. బాబాయి పరుగున పోయి తవ్వి పైపును పట్టుకుంటే, అది నానిన బిస్కెట్టులా చేతిలో విరిగింది. అప్పటిదాకా దాన్ని పట్టి ఉంచింది ఇనుము కాదు, బాబాయి చుట్టిన సైకిలు ట్యూబు ముక్కలని తేలింది.

గోడ అవతల మాస్టారు బకెట్ తీసుకుని బయలుదేరాడు.

"మీకూ రావట్లేదా మాస్టారూ?" అంది పిన్ని.

"నా లైనుకేం కాలేదమ్మా. మున్సిపాలిటీ వాళ్ళే నీళ్ళు వదల్లేదు."

ఎదురింటావిడ అప్పుడే నిండుగా పొర్లుతున్న తొట్టి దగ్గర గిన్నెలు తోముకుంటోంది. పిన్ని అటు చూసింది, ఇటు చూసింది. మాస్టారు వీధి చివరి పంపు దాకా వెళ్ళి, మోకాలు పట్టుకుని ఆగుతూ, సగం నీళ్ళు పంచె మీద, సగం దారి మీద పోసుకుంటూ తిరిగొచ్చాడు. బాబాయి గేటు దగ్గర నిలబడి, గ్లాసు చేతిలో మరిచిపోయి, ఆ మనిషినే చూస్తున్నాడు.

"ఇలా ఇవ్వండి మాస్టారూ, నేను మోసుకొస్తాను" అన్నాడు.

"నా చేతులకేం రోగం?" అని మాస్టారు గేటు వేసేసుకున్నాడు.

పిన్ని ఆ రోజే ప్లంబరును పిలిపించింది. అతను చుట్టూ చూసి, "అమ్మా, ఇది ఇల్లా, పందికొక్కుల కాలనీయా?" అని అడిగాడు. తర్వాత పని మాటలోకొచ్చాడు. పాత పైపుకు అతుకు పనికిరాదు, లైను మొత్తం మార్చాలి. గేటు నుంచి తొట్టి దాకా తిన్నగా కాలువ తవ్వి, నల్లటి ప్లాస్టిక్ పైపు పరిచి మట్టి కప్పేస్తే మనవల కాలం దాకా చూసుకోనక్కర్లేదు.

"తిన్నగా వద్దు. గోడ వెంటే వెయ్యి" అన్నాడు బాబాయి.

"చుట్టుదారి కదండీ."

"పైపుకేం కాళ్ళ నొప్పులా? గోడ వెంటే వెయ్యి."

సరేనని ప్లంబరు గోడ వైపు గునపం ఎత్తాడు. బాబాయి ఇంట్లోంచి పడక కుర్చీ ఈడ్చుకొచ్చి గోడ పక్కనే, సరిగ్గా మధ్యలో వేసుకుని కూర్చున్నాడు.

"బాబాయిగారూ, లేస్తే తవ్వుతాను."

"లేవను."

"గోడ వెంటే వెయ్యమంటారు. గోడ దగ్గర తవ్వనివ్వరు. పైపును బట్టలు ఆరేసే తీగ మీద వెయ్యనా?"

"ఆలోచిస్తున్నాను, ఉండు."

గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్న మాస్టారికి ఇంత వినోదం ఏళ్ళ తర్వాత దొరికింది. "అతను లేవడయ్యా. కుర్చీతో సహా కొలతలు తీసుకుని తవ్వెయ్యి" అన్నాడు.

బాబాయి మొహానికి చెమట పట్టింది. పిన్ని ఆ మొహం చూసింది. ఆ కళ్ళు గునపం వైపు లేవు, ప్లంబరు వైపు లేవు. గోడ మీది మోచేతుల వైపు పోయి పోయి వస్తున్నాయి. ఆవిడ టీ ఇచ్చే నెపంతో వంగి, "ఏం దాచారు అక్కడ?" అంది మెల్లగా.

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే అడిగాను. మీరు మెల్లగానే చెప్పండి."

బాబాయి టీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. ఎప్పుడో, మాస్టారి లైను లోపల తుప్పు పట్టి మూసుకుపోయి నీళ్ళు ఆగిపోయాయి. తప్పు మున్సిపాలిటీదని ఆయన పట్టుబట్టి, ఎవరి సాయమూ ఒప్పుకోక, ఆ మోకాలితోనే వీధి చివరి దాకా తిరిగాడు. ఆయన కూతురింటికి వెళ్ళిన అదను చూసుకుని, బాబాయి గోడ కింద తవ్వి, తన పైపుకు మూడు మూతుల టీ జాయింటు ఒకటి పెట్టి, ఒక పాయ మాస్టారి పైపులోకి కలిపేశాడు. మాస్టారు తిరిగొచ్చి కుళాయి తిప్పితే నీళ్ళు దూకాయి. "చెప్పానా, నా లైను బంగారం" అన్నాడట.

"చెప్పెయ్యచ్చు కదా ఆయనకి."

"చెబితే కుళాయికి తాడు కట్టేసి మళ్ళీ బకెట్ పట్టుకుంటాడు. నీకు తెలియదా ఆయన సంగతి?"

పిన్నికి తెలుసు. ఓసారి ఆవిడ గిన్నెలో కూర పంపితే, ఆ గిన్నెకు జరీ అంచుతో సంచీ కుట్టి అందులో పెట్టి తిరిగి పంపిన మనిషి. ఒకరి చేతి కింద చెయ్యి పెట్టడం ఆయన ఒంట్లో లేదు.

"మరి ఇన్నేళ్ళూ ఈ గుంటలు?"

"నువ్వేమో రోజూ ఫోర్సు లేదంటావు. సగం నీళ్ళు అటు పోతున్నాయని చెప్పలేను. ఎక్కడో ఒకచోట తవ్వకపోతే నీకు అనుమానం రాదూ?"

"నాకు అనుమానం రాకూడదని నా మందార మొక్కను ఊరేగించారన్నమాట."

"దాని గురించి నాకూ బాధగానే ఉంది."

"పొద్దున్నే ఈ గోడ పక్కన ఆ గ్లాసు పెట్టుకుని వినేది?"

"ఆయన బకెట్ నిండుతోందా లేదా అని."

పిన్ని నిటారుగా నిలబడింది. తిడుతుందేమోనని బాబాయి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని గోడ దగ్గరికి నడిచింది.

"మాస్టారూ, తీరిగ్గా ఉన్నారా? ముందు గది కిటికీలకి తెరలు కుట్టించాలి. మీరు కొలతలు తీసుకుంటే గానీ నాకు నమ్మకం కుదరదు."

ఆ మాట వినగానే మాస్టారి మోకాలు నొప్పి ఎటు పోయిందో తెలియదు. గోడ చుట్టూ తిరిగి, టేపు సవరించుకుంటూ ఇంట్లోకి వచ్చేశాడు. పిన్ని వెనకాలే తలుపు వేసి, గోడ వైపు కిటికీ రెక్కలు కూడా మూసేసింది.

"మూసేస్తే కొలవడం ఎలాగమ్మా?"

"మూసినప్పుడొక కొలత, తెరిచినప్పుడొక కొలత ఉంటుందేమోనని."

"ఉండదు. కానీ తీసుకుందాం, పోయేదేముంది."

బయట బాబాయి కుర్చీ లేచింది, గునపం దిగింది. లోపల పిన్ని ఇంట్లో ఉన్న కిటికీలన్నీ కొలిపించడం అయిపోయింది. తలుపులు కొలిపించింది. బయట ఇంకా పార చప్పుడే. బీరువా కొలిపించింది, మంచం కొలిపించింది, రేడియో కొలిపించింది.

"రేడియోకి తెరేమిటమ్మా?"

"రాత్రిపూట దానికి చలేస్తుందని మీ తమ్ముడి బాధ" అంది పిన్ని, బాబాయిని తమ్ముణ్ణి చేసేసి.

"అతనికి మొదటి నుంచీ కొంచెం తిక్క" అని జాలిపడి మాస్టారు రేడియోకు కూడా కొలత తీశాడు. గోడగడియారం దగ్గరికి వచ్చేసరికి బయటి నుంచి బాబాయి గొంతు వినపడింది. "ఏమే, మట్టి కప్పేశాం."

"ఇక చాలు మాస్టారూ" అంది పిన్ని.

అన్న మాట పోగొట్టుకునే మనిషి కాదు మాస్టారు. కొద్ది రోజుల్లో ఆ ఇంట్లో కిటికీలకు తెరలు, బీరువాకు తెర, రేడియోకు లాగూ లాంటి తెర వచ్చి పడ్డాయి. ఆ రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతు చివరి దాకా దుప్పట్లోంచి మాట్లాడినట్టే ఉండేది.

కొత్త లైనులో నీళ్ళు వదిలిన మొదటి పొద్దున వంటింటి కుళాయి ధార మునుపటికన్నా మెరుగే, అయినా ఎదురింటంత కాదు. పిన్ని "ఫోర్సు లేదు" అనలేదు. పెరట్లోకొచ్చింది. బాబాయి గోడ పక్కన బోర్లా పడుకుని, గ్లాసుకు చెవి ఆనించి ఉన్నాడు.

"ఇలా ఇవ్వండి" అని గ్లాసు లాక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆవిడా మోకాళ్ళ మీద కూర్చుంది. చెవి ఆనించి కళ్ళు మూసుకుంది.

గోడ మీద మోచేతులు ప్రత్యక్షమయ్యాయి. "ఏమమ్మా, ఆ జబ్బు నీకూ అంటించాడా?"

పిన్ని చెయ్యి పైకెత్తింది. "ఉండండి మాస్టారూ, వినపడుతోంది."

"ఏం వినపడుతోంది?"

"మీ లైను. బంగారంలా పారుతోంది."

మాస్టారు మెడలోని టేపు సవరించుకుని, బాబాయి వైపు చూశాడు. "విన్నావా? ఎన్నేళ్ళ నాటి పైపో తెలుసా అది? నువ్వు కొత్తది వేసినా దీని ముందు దిగదుడుపే. చూసి నేర్చుకో."

"నేర్చుకుంటాను మాస్టారూ" అన్నాడు గ్లాసు బాబాయి, మోచేతులకంటిన మట్టి దులుపుకుంటూ.